వేలు పట్టేంత చోటు

తడిసిన ఉన్ని ఆరేటప్పుడు ఒక వాసన వస్తుంది. పొయ్యి పక్కన నా మనవడి టోపీ ఆరేసినప్పుడల్లా ఆ వాసనకు మా దీవిలోని నువెల్ ఫ్రాన్స్ అనే ఊళ్ళో సూరమ్మ అక్క వంటగది నా ఎదుటికి వచ్చేస్తుంది. రేకుల మీద సన్నటి జల్లు, మరుగుతున్న టీ, ఆమె చంకలో ఇరికించుకున్న అల్లిక సూది. అక్క మాకు చుట్టం కాదు, కంచె అవతలి ఇంటావిడ. పెళ్ళికి ముందు క్యూర్‌పీప్ పట్నంలో దొరల పిల్లల్ని చూసుకుంటూ అల్లడం నేర్చుకుంది. ఆమె నవ్విందంటే ఒళ్ళోని ఉన్ని ఉండ నేల మీదికి దొర్లిపోవలసిందే.

అప్పటికి మా దీవికి స్వాతంత్ర్యం రాలేదు. నన్ను బడికి పంపలేదు. మా నాన్న పొద్దున్నే తేయాకు తోటకు వెళ్ళేవాడు. మా ఊరు ఎత్తు మీద ఉంటుంది, చలికాలపు జల్లుకు చెవులు మొద్దుబారిపోతాయి. ఆయన తల పెద్దది, దుకాణంలోని ఏ టోపీ పట్టేది కాదు. నేను అల్లి ఇస్తానన్నాను. పెట్టుకోదగ్గ టోపీ వస్తే రోజూ మధ్యాహ్నం అక్క దగ్గరికి వెళ్ళవచ్చని, రాకపోతే తనతోపాటు ఆకు కోయడానికి రావాలని నాన్న తేల్చేశాడు. నాకు తోట వద్దు. ఆ వంటగది కావాలి.

సూది మీద మొదటి వరుస వేయడాన్ని మా క్రియోల్‌లో కుట్లు ‘మోంతే’ చేయడం అంటారు. మోంతే అంటే ఎక్కడం కూడా. అక్క ఆ మాట చెప్పి, కాస్త చేసి చూపించి, టీ పొంగుతుందని లేచి వెళ్ళింది. నాకు తెలిసిన ఎక్కడమల్లా చెట్లూ గట్లూ ఎక్కడమే. ఎక్కేవాళ్ళు జారకుండా గట్టిగా పట్టుకోవాలి కదా అనుకుని, ప్రతి కుట్టునూ బిగలాగి, పక్కదానికి ఆనించి ఎక్కించాను. వరుస చీమల బారులా ముచ్చటగా వచ్చింది. మిగతా టోపీ ఇంటి దగ్గర ఎవరికీ చూపించకుండా అల్లేశాను.

నాన్న పెట్టుకున్నాడు. పైన బుట్టలా ఉబ్బింది కానీ అంచు తాడులా బిగిసి నడినెత్తి మీదే ఆగిపోయింది. ఆయన రెండు చేతులా లాగాడు, తర్వాత అద్దంలో చూసుకున్నాడు.

“మేకపిల్లకి పెట్టు. దానికి సరిపోద్ది,” అన్నాడు.

అమ్మ పొయ్యి వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుకుంది. ఆదివారం దాకా చూస్తానని నాన్న గడువు పెట్టాడు.

టోపీ పట్టుకుని కంచె దాటాను. అక్క రెండు బొటనవేళ్ళతో అంచును సాగదీసి చూసింది. అది కదలలేదు. ఉన్ని ఉండ మాత్రం దొర్లింది.

“ఏం చేసినావ్, మో తీఫీ?” అంది. నా పిల్లా అని ముద్దుగా పిలవాలంటే ఆమెకు ఆ క్రియోల్ మాటే వచ్చేది.

“ఎక్కించానక్కా. జారకుండా గట్టిగా పట్టుకున్నాను.”

“ఎక్కేది కుట్టు, నువ్వు కాదు. ఇందులోంచి ఏం దూరాలి?”

“నాన్న తల.”

“మరి తలకి దారేది?”

ఆ రోజు నుంచి ఏది మొదలుపెట్టినా ముందు నాచేత ‘ఏం దూరాలి’ అన్న ప్రశ్నే అడిగించేది. శాలువాలోంచి ఏదీ దూరదు, దాని అంచు బిగువుగా ఉన్నా నడుస్తుంది. టోపీలోంచి తల, మేజోడులోంచి మడమ దూరాలి, వాటి అంచు సాగాలి. అలా సాగాలంటే రెండు సూదులు జతగా పట్టుకుని వాటి మీద కుట్లు ఎక్కించాలి. కుట్టుకూ కుట్టుకూ నడుమ చిటికెనవేలు పట్టేంత చోటు విడవాలి. వరుస పూర్తయ్యాక ఒక సూదిని లాగేయాలి. మొత్తం విప్పేసి అలాగే ఎక్కించాను. కుట్లు ఆరేసిన గుడ్డల్లా వేలాడాయి. నాకు చేతులు ఊరుకోక లాగబోతే అక్క నా వేళ్ళ మీద చిన్నగా కొట్టింది.

“లెస్ లీ. వదిలెయ్. ఇప్పుడు చూడ్డానికి బాగుండదు. పెట్టుకున్నాక బాగుంటది.”

ఆదివారం టోపీ నాన్న చెవుల మీదికి మెత్తగా దిగింది. కట్టెలు తెమ్మని అమ్మ పిలిస్తే, టోపీలోంచి ఏమీ వినబడడం లేదన్నాడు. సాయంత్రం దాకా ఆయనకు ఏ పనీ వినబడలేదు. నన్ను తోటకు రమ్మనే మాట మళ్ళీ ఎత్తలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడు అక్కా నేనూ కలిసి మా కొత్త జెండా నాలుగు రంగులతో ఒక టోపీ అల్లాం. ఎవరి తలకని అడిగాను. “దేశమంతా దూరాలి. వదులుగా ఎక్కించు,” అంది, ఉండ కోసం వంగుతూ.

అక్క పోయిన చాలా ఏళ్ళకు, మనవలు పుట్టాక, గుడి పక్క గదిలో తెలుగు అక్షరాలు దిద్దాను. మొదట్లో పెన్సిల్ బిగపట్టి మాటలన్నీ ఒకదానికొకటి ఆనించి రాసేదాన్ని. పంతులమ్మ చదవలేక, ఇందులో ఏ మాట ఎక్కడ మొదలైందమ్మా అని అడిగింది. అప్పుడు నాకు నవ్వొచ్చింది. మాట రాసి, పక్కన చిటికెనవేలు ఆనించి, దాని అవతల ఇంకో మాట ఎక్కించాను. ఇప్పటికీ అలాగే రాస్తాను. మీకు ఇది చదవడానికి వచ్చిందంటే, నడుమ ఆ వేలు ఉండబట్టే.