రాణీ రంగు కారు

ఎనభైల చివర్లో, మా పోచంపల్లిలో, నాకు తెలియని విషయమేదైనా లోకంలో ఉంటుందని పదహారేళ్ళ నాకు ఎప్పుడూ అనిపించేది కాదు. ఇంట్లో మగ్గాలు, పెరట్లో బాపు (మా నాన్న) రంగుల కుండలు, ఆ కుండల పక్కన నేను. నూలుకు రంగు పట్టించడం చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి రంగుల విషయంలో నా మాటకు తిరుగులేదని నా నమ్మకం (బాపు అప్పటికి నన్ను ఒక్క కుండనూ ముట్టనివ్వలేదు, అది వేరే సంగతి).

మా అన్నకు మగ్గం పడేది కాదు. అతని ప్రాణమంతా బస్టాండు దగ్గరి మోటారు షెడ్డులో ఉండేది. షెడ్డు నడిపే ఉస్తాద్, బడి సారు కొడుకు బక్కన్న అతని జిగ్రీ దోస్తులు. ముగ్గురూ కలిసి ఎవరి దొడ్లోనో తుప్పు పట్టిన పాత కారును లాక్కొచ్చి, పైకప్పు కోసేసి, స్ప్రింగులు తగ్గించి నేలకు దించి, వెడల్పాటి టైర్లు వేసి, స్పోర్ట్స్ కారు అన్నారు. సైలెన్సర్ మోతకు గల్లీలో కోళ్ళు గోడలెక్కేవి. బాపు మాత్రం ఒకటే మాట చెప్పాడు: "దసరా నాడు గా డబ్బ ఊరంత తిరగాలె. నలుగురు మెచ్చితే నువ్వు షెడ్డుకు పో, నేను అడ్డం రాను. లేకుంటే తెల్లారి మగ్గం గుంతల కూసో."

కారు కదిలింది, కానీ రంగు దగ్గర ఆగిపోయింది. అన్నకు ఎరుపు కావాలి. "నలుపైతేనే షాన్ ఉంటది భాయ్!" అని ఉస్తాద్. బక్కన్నకేమో చిలకపచ్చ. "పచ్చదేసి పొలంల నిలవెడితే మళ్ళ దొరకదు," అన్నాడు అన్న. ఆ మాటతో బక్కన్న అలిగి రెండు రోజులు షెడ్డుకే రాలేదు. దసరా ఇంకా నాలుగు రోజులుందనగా కారు బూడిద రంగులో, ముగ్గురు మిత్రులు మూడు మూలల్లో, మూతులు ముడుచుకుని ఉన్నారు. అన్నకు సద్ది తీసుకుపోయిన నేను అది చూసి ఇంటికి పరిగెత్తి, రాణీ రంగు పట్టు దారపు చుట్ట ఒకటి తెచ్చి స్టీరింగుకు కట్టాను.

"గిది పెండ్లి చీర రంగు! మొగోళ్ళం తిరిగే కారుకు గిదా?" అన్నాడు అన్న.

"మరి రాణీ రంగు చీర గల్లీల పోతుంటే మీ ముగ్గురు పని ఇడిసిపెట్టి ఎందుకు చూస్తరే?"

మొదట ఉస్తాదే నవ్వాడు. "వాహ్ చెల్లె! జవాబ్ లేదు!"

అంగట్లో ఆ రంగు దొరకలేదు. గులాబీ డబ్బాలో ఎరుపు పోసి, నీలం చుక్కచుక్కగా కలిపాను. మొదటిసారి ఉడికిన బీట్‌రూట్ వచ్చింది. రెండోసారి నేరేడుపండు. "చెల్లె, ఇగ నలుపే నయం," అని ఉస్తాద్ మెల్లగా అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, కానీ ఏడవలేదు (గర్వం అడ్డొచ్చింది). మూడోసారి రేకు ముక్క మీద పూసి, ఎండలో ఆరేదాకా ఎవరినీ చూడనివ్వలేదు. ఆరాక ముగ్గురూ వంగి చూశారు. అన్న వెళ్ళి స్ప్రేగన్ అందుకున్నాడు.

దసరా సాయంత్రం ఊరంతా జమ్మికి బయలుదేరుతుండగా రాణీ రంగు కారు రోడ్డెక్కింది. పట్నం బస్సు ఆగిపోయింది. డ్రైవర్ దిగొచ్చి కారు చుట్టూ తిరిగి, "ఏడికెళ్ళి తెచ్చిండ్రు?" అన్నాడు. "ఏడికెళ్ళో ఎందుకు తెస్తం? ఈడనే చేసినం!" అని బక్కన్న గొంతు చించుకున్నాడు. బస్సులోని ఆడవాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి ఈలలు వేయడం ఒక్కటే తక్కువ. అప్పుడు బాపు వచ్చాడు. తలుపు మీద గోటితో గీకి చూశాడు.

"రంగెవరు కలిపిండ్రు?"

మగాళ్ళు ముగ్గురూ నావైపు వేలు చూపించారు.

"నీలం ఎంత పోసినవ్ బిడ్డా?"

"డబ్బకు పదకొండు చుక్కలు బాపు."

"పన్నెండు పోసుంటే చెడిపోతుండె," అని, పంచె సర్దుకుని ముందు సీట్లో కూర్చుని, "ఇగ నడుపురా" అన్నాడు అన్నతో. తెల్లారి అన్న దర్జాగా షెడ్డుకు పోయాడు. నేను మొదటిసారి రంగు కుండలో చెయ్యి పెట్టాను.

మొన్నీమధ్య మా ముందుగదికి రంగు వేయించాలని రెండు లేత రంగులు ముందు పెట్టుకుని, ఏది బాగుంటుందో తేల్చుకోలేక పదిహేను రోజులు నలుగురినీ అడిగాను. చివరికి అన్నకు ఫోన్ చేస్తే, "నువ్వేనా గిట్ల అడిగేది?" అని పడీపడీ నవ్వాడు. ఏం చేయను? ఆ పదహారేళ్ళ పిల్ల ఇప్పుడు వచ్చి గుమ్మంలో నిలబడితే, నన్నొక్క మాటైనా అడగకుండా బ్రష్షు లాక్కునేది.