సైన్సు సారు, కూసే బోర్లు

మా సైన్సు సారు పోయినారు. మొన్న మధ్యాహ్నం, రాయదుర్గం ఆస్పత్రిలో, గుండెపోటు. ఫోనొచ్చినప్పుడు నేను ఎనిమిదో తరగతికి భిన్నాలు చెప్తాండా. పిల్లోళ్లకు ఈ మాట ఎట్ల చెప్పల్ల దేవుడా అని తలుపు దగ్గర నిలబడిపోయినా. అప్పుడే బయట బోర్లు కూసినాయి. ఆకు కదలడం లేదు, గాలి జాడే లేదు. శెనక్కాయ చేలల్లో ఒకటి మూలిగింది, దాని వెనక ఇంకొకటి, ఆ తర్వాత అన్నీ. పిల్లోళ్లు పెన్నులు కింద పెట్టేసి నా మొగం చూసినారు. సారు ఆస్పత్రిలో ఉండేది వాళ్లకు తెలుసు. నేను నోరు తెరిచి చెప్పే పని లేకపోయింది.

బోర్లు కూసేదేంది అంటారేమో. మాది గుమ్మఘట్ట దాటినాక వచ్చే ఊరు. ఈ నేలలో నీళ్లు పడిన బోర్ల కంటే పడనివే ఎక్కువ. పడని బోరును మావాళ్లు పూడ్చరు. పూడిస్తే గంగమ్మ నోరు మూసినట్లంట, ఆ యమ్మ మళ్లీ ఆ చేనికి రాదంట. లోపలి కేసింగు పైపు మాత్రం పీక్కోని ఇంకో బోరుకు వాడుకుంటారు. మిగిలిన బొక్క మీద ఒక గోనెసంచి, సంచి మీద ఒక కంపకొమ్మ. అంతే. ఆ చేల గట్ల మీదనే మా పిల్లోళ్లు బడికొచ్చేది. కాలు తప్పితే బొక్కలోకే.

సారు ఊర్లోకి పోయి బోర్లు పూడ్చమని ఒక్కరినీ అడగలేదు. "నోరు మూయం. మీ గంగమ్మ నోటికి పిల్లనగ్రోవి పెడతాం" అన్నారు. నాకు నవ్వాగలేదు. మర్నాడు నా లెక్కల క్లాసుకే వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. పైపు ఎంత పొడవుంటే ఏ స్వరం పలుకుతాదో నేను లెక్క కట్టించల్లంట!

"అది నా సిలబస్ కాదు సార్" అంటి.

"గంట కొడితే పిల్లోళ్ల బుర్రలో సైన్సుకూ లెక్కలకూ నడుమ గోడ లేస్తాదా టీచరమ్మా?"

ఇట్లాంటి మనిషితో ఏం వాదిస్తారు? బోరు బొక్కల మీద బిగించేదానికి పిల్లోళ్లు సిమెంటు బిళ్లలు పోసినారు. నడుమ పైపు నిలబెట్టి, మూతికి జాలీ బిగించి, పక్కన ఈలకు గాడి కోసినారు. భజనల్లో పాడే ఒక పిల్ల ఊది చూసి "శ్రుతి తగ్గింది" అంటాది. స్కేలు పట్టుకున్నోళ్లు "లెక్క సరిగ్గానే ఉండాది పోవే" అంటారు. ఆ కొట్లాట సారుకు పండగ. దూరం నుంచే కనపడల్లని బిళ్లల మీద తేళ్లు, నెమళ్లు గీయించినారు. ఆయన అంతే. అన్నం తినేటప్పుడు కూడా స్పూనుతో గిన్నె అంచు తట్టి, "సప్పుడు మారింది చూడు, సాంబారు ఎంత తగ్గుంటాది?" అని అడిగే మనిషి.

మబ్బు కమ్మిన ఒక సాయంత్రం అవి మొదటిసారి కూసినాయి, గాలే లేకుండా. ఊరు ఊరంతా బయటికొచ్చింది. దారి పక్క చేని పెద్దాయన, దయ్యాన్ని లేపినారని మా మీదికే వచ్చినాడు.

"మబ్బు పట్టినప్పుడు పైన గాలి బరువు తగ్గుతాది. లోపలి గాలి బయటికొస్తాది. దయ్యం కాదు పెద్దాయనా" అని సారు నిదానంగా చెప్పినారు.

"సరేప్పా, ఒప్పుకుంటి. లోపలుండేది ఎవరి గాలి?"

"అది నాకూ తెలీదు" అన్నారు సారు.

పెద్దాయన తన బోరు మీది బిళ్లను ఆ పొద్దే పగలగొట్టించినాడు. మళ్లీ గోనెసంచి, మళ్లీ కంప. ఇంక చూడండి, రోజూ పొద్దున చివరి పిల్ల దాటేదాకా సారు ఆ బొక్క పక్కనే కాపలా. పిల్లోళ్లకు చెప్తే వినరా సార్, ఇంత వయసులో ఈ ఎండలో ఎందుకు అని కోప్పడితే, "చెప్తే పెద్దోళ్లు వింటారు. పిల్లోళ్లు తొంగి చూస్తారు. చూడకపోతే నేను చెప్పిన సైన్సు దండగ" అన్నారు. ఆ మాటకు నాకిప్పుడు ఏడుపొస్తాంది.

ఆయన్ను మట్టిలో పెట్టి వచ్చినాక వాన పడింది. తెల్లారి నా కాళ్లు బడికి పోకుండా ఆ చేనికే పోయినాయి. ఇంక ఆడ ఎవరు నిలబడతారు? నిలబడే ఉన్నాడు, పెద్దాయన.

"సారు లేడు గదమ్మా" అన్నాడు, నా మొగం చూడకుండా. "ఆ కూసేదాన్ని పెట్టమను పిల్లోళ్లను."

బడిలో మిగిలిన బిళ్లను పిల్లోళ్లు తోపుడు బండి మీద తెచ్చి బిగించినారు. ఆకాశం కడిగినట్లుండాది. బోరు కూయలేదు. మబ్బు లేదు గదా అని నేను చెప్పబోతాంటే పెద్దాయన వంగి పైపు మూతి మీద అరచెయ్యి పెట్టినాడు. పెట్టిన చెయ్యి తీయలేదు.

"అమ్మా, ఇది లోపలికి పీలుస్తాండాది."

నేనూ పెట్టి చూసినా. మెత్తగా, సల్లగా, అరచేతిని కిందికి గుంజుతాండాది. పైన గాలి బరువు పెరిగితే అట్లనే అయితాది, నాకు తెలుసు. పీల్చేది ఎవరి గాలినో, అది నాకూ తెలీదు. పిల్లోళ్లు వరసగా వచ్చి ఒక్కొక్కరే చెయ్యి పెట్టి చూసినారు. ఎండ నెత్తికెక్కేదాకా ఆడనే ఉండిపోయినాం. బోరు పీలుస్తానే ఉండాది.