పెద్దనాయన వంతు

పులికాట్ సరస్సు ఒడ్డున మా పల్లెలో ఏ రోజు ఎవరు వల వేయాలో చీటీలు తీసి నిర్ణయిస్తారు. మా పెద్దనాయన తన వంతు కాని రోజున కూడా నీళ్ల దగ్గరికి వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడేవాడు.

ఒకరోజు, ఆ రోజు వంతు వచ్చిన మనిషి తిరుపతి ఆసుపత్రిలో ఉన్నాడు. నీళ్లలో చేపలు ఎగిరిపడుతున్నాయి. మా ఇంట్లో వారం రోజులుగా గంజే.

"ఆయన రాడు గదా పెద్దనాయనా, మనం వేద్దాం," అన్నాను.

"ఆయప్ప యాడుంటే ఏందిరా? ఈ పొద్దు నీళ్లు ఆయప్పవే."

ఉత్త చేతులతో ఇంటికి వచ్చిన మమ్మల్ని చూసి పెద్దమ్మ, "ధర్మరాజు వచ్చినాడు, గంజి పొయ్యండి!" అంది. ఆయన నవ్వుతూ తాగాడు.

పెద్దనాయన చనిపోయిన నెలకు ఆయన వంతు వచ్చింది. పల్లెపెద్దలు నన్ను వేయమన్నారు. మోకాళ్ల లోతు నీళ్లలో సాయంత్రం దాకా నిలబడ్డాను. వల విప్పలేకపోయాను. ఆ రోజు అక్కడ ఇంకెవరూ దిగలేదు.