మూతికి మాస్కు, వలకు హైలెసా

పిహెచ్‌డీ చేస్తున్న ఆ రోజుల్లో నాకు మనుషులు మనుషుల్లా కనబడేవారు కాదు. ఎదురుగా ఎవరొచ్చినా ఈయన ఏం తిన్నాడు, ఎంత గాలి పీలుస్తున్నాడు, ఒంట్లో కరిగేది కొవ్వా, పిండిపదార్థమా అన్న ధ్యాసే. (మా అమ్మ వేసిన గారెలకి కేలరీలు కట్టి తిట్లు కూడా తిన్నాను.) శ్రీకాకుళం తీరంలో పెద్దవల లాగే జాలర్లకి ఆ లాగుడులో ఎంత శక్తి ఖర్చవుతుందన్నది నా పరిశోధన. కొలిచే యంత్రం మాది కాదు, వేరే ల్యాబు నుంచి అరువు తెచ్చింది. వెళ్ళినప్పుడల్లా వానొచ్చి పని చెడిపోయేది. చివరికి మా గైడుగారు "రేపు యంత్రం ఇచ్చెయ్యాలమ్మా, ఇవాళ కొలతలు రాకపోతే నీ థీసిస్ సంగతి మర్చిపో" అని ఫోను పెట్టేశారు.

ఆమదాలవలస నుంచి యంత్రం మోసుకుంటూ ఒడ్డుకి చేరాను. జట్టులో అందరికన్నా దిట్టమైన మనిషిని ఎంచుకున్నాను. ఆ కండలు చూసి, నాలో నేనే కండల మావ అని పేరు పెట్టుకున్నాను. వీపుకి యంత్రం కట్టి, "మావా, ఇది పెట్టాక నోరు మెదపకూడదు, లెక్కంతా పాడైపోద్ది" అంటూ ఊపిరి కొలిచే మాస్కు మూతి దగ్గర పెట్టాను. "ఏటి పాపా, ఎద్దుకి సిక్కం ఏసినట్టు ఏసేస్తన్నావు! సర్లే, నీ సదువు కోసం కదా" అన్నాడు. బిగించేశాను.

అందరూ తాడు పట్టుకున్నారు. ఒక్కడూ లాగడే! "లాగండి, లాగండి" అని చేతులూపాను. అందరూ మావని చూస్తున్నారు, మావ నన్ను చూసి కళ్ళు తిప్పుతున్నాడు. ఇంతలో గంపతో వచ్చిన మావ పెళ్ళాం నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఓలమ్మో, మా ముసిలోడి నోరు కట్టీసినావేటి? ఆడు పాట ఎత్తుకోకపోతే తాడెవుడు లాగుతాడు?"

తిండి, నిద్ర, బరువు అన్నీ అడిగాను గానీ జట్టులో ఆయన పనేమిటో అడగలేదు. "ఇంకెవరైనా ఎత్తుకోండి బాబూ" అని బతిమాలాను. "మావ తాడు మీదుండగా మేం ఎత్తుకుంటామేటి? తప్పు కాదా!" అన్నారు. మావ పెళ్ళాం తేల్చేసింది: "నువ్వే కట్టినావు, నువ్వే ఎత్తుకో."

నేనా! మా చర్చి క్వయిర్‌లో మా మేనత్త నన్ను చివరి వరసలో నిలబెట్టి, "పెదాలు కదుపు చాలు తల్లీ, చప్పుడు రానీకు" అనేది. కానీ మాస్కు విప్పితే నా థీసిస్ పోతుంది, విప్పకపోతే వాళ్ళ చేపలు పోతాయి. కళ్ళు మూసుకుని అరిచాను. నోటికి పాటేదీ రాలేదు, చదువొచ్చింది.

"ఆక్సిజనూ..."

"హైలెసా!"

"గ్లూకోజూ..."

"హైలెసా!"

"కొవ్వు కరిగెనూ..."

"హైలెసా!"

"గైడు మెచ్చెనూ..."

"హైలెసా!"

వల కదిలింది! మాస్కులో మావ ఒకటే నవ్వు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. (తర్వాత గైడుగారు గ్రాఫు చూసి "ఈ ఎగుడుదిగుళ్ళేమిటమ్మా?" అంటే "అలలు సార్" అన్నాను.) వల ఒడ్డుకి చేరాక మావ మాస్కు విప్పించుకుని, "గొంతు బాగోలేదు గానీ పాపా, వల ఇన్నాది" అన్నాడు. అక్కడే, ఆ ఇసుకలోనే ఏడ్చేశాను.

ఇప్పుడు నేనూ గైడునే. ఏసీ గదిలో, ట్రెడ్‌మిల్లు మీద, నా విద్యార్థులు మూతికి మాస్కుతో మౌనంగా పరుగెడతారు. మొన్న ఒకమ్మాయి అలిసిపోయి ఆగబోతుంటే "ఆక్సిజనూ..." అని నోరు జారాను. ఎవరూ పలకలేదు. మేడమ్‌కి ఏమైందోనని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆదివారం చర్చిలో ఇప్పటికీ నాది చివరి వరసే, పెదాలు కదుపుతూ ఉంటాను. ఇన్నేళ్ళుగా ఎన్ని పాఠాలు చెప్పానో! నా గొంతు విని ముందుకి కదిలింది మాత్రం ఆ వల ఒక్కటే.