బాలమ్మ కోసిన కూర

ఈ ఉదయం ఆరూ పదికి చిక్కడపల్లిలో మా ఇంటి ముందు వీధి ఊడ్చే ఆమె గోడవార గడ్డి పీకింది. అందులో తుమ్మి మొక్కలున్నాయి. నలిగిన ఆకుల ఘాటు వాసన కిటికీ దాకా వచ్చింది. వానాకాలమంతా బాలమ్మ చేతులకు ఆ వాసనే ఉండేది.

బాలమ్మ అశోక్ నగర్‌లో మా హాస్టల్ వంటమనిషి. మహబూబ్‌నగర్ వైపు పల్లె నుంచి వచ్చింది. నేను గ్రూప్స్ పరీక్షలకు చదివేదాన్ని. మా గదిలో పగలు కూడా ట్యూబ్‌లైటే. వాన పడిందో లేదో ఎవరైనా చెబితేనే తెలిసేది. ఒకరోజు ఆమె నా పుస్తకం మూసేసింది. "ఎండ మొఖం జూసి ఎన్ని దినాలైంది బిడ్డా? కుండల మొలకెత్తిన గింజ లెక్క తెల్లగైనవ్. నడువు" అంది.

హాస్టల్ వెనక సందు దాటితే, నారాయణగూడ వైపు ఒక ఖాళీ జాగా. రోజూ పొద్దున్నే అక్కడికి వెళ్లేవాళ్లం. నేను పిచ్చిమొక్కలనుకున్నవాటికి ఆమె దగ్గర పేర్లుండేవి: తుమ్మి, దొగ్గలి, గంగవాయిలి. మొక్కను వేళ్లతో సహా పీకనిచ్చేది కాదు, చివుళ్లే గిల్లాలి. "పీకితే రేపేం తింటవ్? నీ బుక్కులా?" అనేది. రెండోసారి పరీక్ష తప్పినప్పుడు అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. గిల్లిన ఆకుకూర నా ఒడిలో పోసి, "పుల్లలు ఏరు" అంది. సగం ఏరేసరికి ఏడుపు ఆగింది.

ఆమెకో పద్ధతి ఉండేది. తెచ్చిన కూర ముందు తనొక్కతే వండుకుని తినేది. మధ్యాహ్నం దాకా ఏమీ కాకపోతేనే మాకు వండేది.

"బాలమ్మక్కా, మేమేమన్న మహారాణులమా?" అని ఏడిపించేవాళ్లం.

"పట్నం జాగల ఎవడేం పోస్తడో తెల్వదు. మీ అమ్మోళ్లు నన్ను జూసి తోలిన్రు. ఏమన్నైతే ముందుగాల నాకే గావాలె."

ఒక సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే, వీపున డబ్బా కట్టుకున్న మనిషి ఆ జాగాలో మందు కొడుతూ కనిపించాడు. దోమల మందనుకున్నాను. మర్నాడు నాకు మోడల్ టెస్ట్. ఆమెకు చెప్పలేదు.

తెల్లవారి ఆమె ఒక్కతే వెళ్లింది. ఆకులింకా పచ్చగానే ఉన్నాయి. కడిగి, వండుకుని, తిన్నది. మధ్యాహ్నానికి వాంతులు మొదలయ్యాయి. ఏం తిన్నదని ఆసుపత్రిలో డాక్టర్ అడిగినప్పుడు, నేను చూసింది చెప్పాను. ఆమె కూడా విన్నది.

"గంపల కూర పారబోసిన్రా?" అని అడిగింది.

"పారబోసినం అక్కా."

"పిల్లలెవ్వరు తినలే గదా?"

తొమ్మిదో రోజు ఊపిరి అందక చనిపోయింది. ఆ డబ్బాలోది దోమల మందు కాదు, గడ్డిని చంపే మందు.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ పొద్దున ఓ గంట ఆరుబయటే గడుపుతాను. కంటపడింది ఎంత చిన్నదైనా పక్కవాళ్లకు చెబుతాను. ఆఫీసులో దాన్ని చాదస్తమంటారు. ఖాళీ జాగాల్లో కూర మాత్రం కోయను.