స్విచ్ ఆఫ్‌లో తీసిన ఐదు ఫోటోలు

దయ్యాల గురించి మా లైబ్రరీలో దొరికినవన్నీ చదివాను. ఒక్కటీ నమ్మలేదు. పదో తరగతి దాటి నాకు చదువు లేదు, తెలిసిందంతా ఆ బల్లల దగ్గర నేర్చుకున్నదే. అందుకే ఏ వింత విన్నా ముందు కారణం వెతుకుతాను. ఇది మాత్రం నాకే జరిగింది.

మాది పోర్ట్ బ్లెయిర్ దగ్గర ఆస్టినాబాద్. నాన్న డాక్‌లో ఫిట్టర్. సెలవు రోజుల్లో మన తెలుగువాళ్ల పెళ్లిళ్లకు ఫోటోలు తీసేవాడు. నాకు నేర్పేటప్పుడు వెనక నిలబడి, నా ఎడమ మోచేతి కింద అరచెయ్యి పెట్టేవాడు. చివరి ఏళ్లలో వణుకు జబ్బు వచ్చి, టీ గ్లాసు కూడా పట్టుకోలేకపోయాడు.

నిరుడు నా చేతులూ వణకడం మొదలైంది. భయంతో ఎవరికీ చెప్పలేదు. చేతి కదలికను లోపలే సర్దుకునే కెమెరాలు ఉంటాయని చదివి, ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఏ లెన్స్‌తో అది ఎంత ఆదుకుంటుందో పరీక్ష పెట్టాను. నిజానికి ఆ పరీక్ష నా చేతులకే.

వాన మధ్యాహ్నం. వరండాలో నిలబడి, హాల్లో గోడకున్న క్యాలెండర్‌నీ గడియారాన్నీ తీస్తున్నాను. షట్టర్ ఒక సెకను తెరిచి ఉంచాను, అంతలో చెయ్యి కదిలితే ఫోటో మసకే. కదలికను సర్దే ఆ స్టెబిలైజేషన్ ఆన్‌లో పెడితే వెడల్పు లెన్స్‌తో అంకెలు స్పష్టంగా వచ్చాయి, మామూలు లెన్స్‌తో కొంచెం మసక. ఆఫ్ చేస్తే రెండింటితోనూ అలుక్కుపోయాయి.

నా భార్య లలిత వంటింట్లోంచి తొంగిచూసింది. "అరే, ఆ క్యాలెండర్‌కి ఇన్ని ఫోటోలేంటండీ? షాదీ కుదిర్చారా దానికి?"

నాకు నవ్వు రాలేదు.

ఆఖరున నాన్న పాత లెన్స్ బిగించాను. దూరానివి దగ్గరగా చూపే లెన్స్ అది. అలాంటివాటితో వణుకు ఇంకా పెద్దగా కనిపిస్తుంది. ఐదు ఫోటోలు తీశాను. తీస్తున్నంతసేపూ ఎడమ చెయ్యి ఎందుకో తేలిగ్గా ఉంది.

ఐదింటిలోనూ అంకెలు చెక్కినట్టున్నాయి. సెకన్ల ముల్లు మాత్రం రెండు చోట్ల లేతగా పడింది. అంటే షట్టర్ నిజంగానే సెకనుపాటు తెరిచి ఉంది.

కెమెరా గొప్పదనుకున్నాను. స్టెబిలైజేషన్ సరిగ్గా పనిచేయాలంటే పాత లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లదో మనమే మెనూలో నింపాలని అప్పుడు గుర్తొచ్చి, తెరిచి చూశాను. స్టెబిలైజేషన్ ఆఫ్‌లోనే ఉంది. ఇందాక ఆఫ్ చేసినవాణ్ని, మళ్లీ ఆన్ చేయడం మర్చిపోయాను.

లలితని పిలిచాను. అదే లెన్స్, అదే చోటు. ఆమె తీస్తే మసక. మళ్లీ నేను తీస్తే అంతకంటే మసక. ఆమె నా చేతులకేసి చూసింది.

"ఎన్నాళ్లనుంచండీ ఇలా?"

చెప్పేశాను. మర్నాడే ఆస్పత్రికి లాక్కెళ్లింది.

రిపోర్టులు చూసి డాక్టర్ "వో బీమారీ నహీ హై, భయ్యా" అన్నారు. నాన్న జబ్బు కాదు. థైరాయిడ్ అట, మందులతో తగ్గుతుందట. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. చాలా నెలల తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను.

"లేవండి, క్యాలెండర్ పెళ్లి పనులున్నాయి" అంది లలిత. ఈసారి ఇద్దరం నవ్వాం.

వణుకు ఇప్పుడు చాలావరకు తగ్గింది. లైబ్రరీలో కెమెరా పుస్తకాలూ, నరాల పుస్తకాలూ తిరగేశాను. ఒక్క ఫోటో అయితే అదృష్టమనుకోవచ్చు. ఐదింటికి కారణం దొరకలేదు.

దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. మోచేతులు ఒంటికి ఆనించి పట్టుకోవాలని అన్ని పుస్తకాలూ చెబుతాయి. నాన్న లెన్స్ బిగించినప్పుడు మాత్రం ఎడమ మోచేతి కింద కాస్త చోటు వదులుతాను.