గుండు పప్పు వైద్యం

యజ్ఞనారాయణ మాస్టారు పొద్దున్నే లాల్చీ తొడుక్కుని, కుడి జేబులో గుప్పెడు కాల్చిన జీడిపిక్కలు, ఎడమ జేబులో చిన్న కొయ్యసుత్తి, దాని పక్కన ఓ బూడిద పొట్లం వేసుకుంటేగాని కాఫీ ముట్టరు. టెక్కలిలో పంతుళ్ళకి మనశ్శాస్త్రం చెప్పి, రిటైరై పలాస వచ్చి స్థిరపడ్డ మనిషి. ఎవరు ఏ తగువుతో ఎదురొచ్చినా ఆయన మందు ఒక్కటే. పెంకులోని జీడి అంటి చర్మం కాలకుండా చేతులకి బూడిద రాసుకుని పిక్క కొట్టాలి. లోపలి పప్పు విరక్కుండా గుండుగా బయటికి రావాలి. వచ్చేదాకా తగువు సంగతి ఎత్తకూడదు.

"కోపంలో ఉన్నవాడి నోటికి పని చెప్పకూడదోయ్, చేతికి చెప్పాలి" అంటారు.

కొబ్బరికాయల పోలారావు, అతని తమ్ముడు సన్యాసి ఓసారి పొలం గట్టు దగ్గర మాటా మాటా పెరిగి, గునపాలతో సహా ఆయన అరుగెక్కారు.

"ఏటి మాస్టారూ! ఆడు నా గట్టు కోసీసినాడని నాను సెప్తంటే, పిక్కలేటి మజ్జిలో?"

"ముందు గుండు తియ్యి. తీశాక మీ తమ్ముడి బుర్ర కొట్టుకో, నేనేం అడ్డురాను."

పొద్దువాలేసరికి పోలారావు తమ్ముడికి సుత్తి పట్టడం నేర్పుతున్నాడు. ఇద్దరి నోళ్ళ నిండా విరిగిన బద్దలే. గునపాలు అరుగు మీదే మరిచిపోయారు. మాస్టారి భార్య జగదాంబ గారు వాటితో పెరట్లో కంద తవ్వించారు.

పక్కింటి జానకి ఇదంతా కిటికీలోంచి చూసి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ శుక్రవారం దాకా.

ఆ రోజు ఉద్దానంలోని పుట్టింటి నుంచి జానకి అన్నయ్య బండెడు కొబ్బరికాయలు తెచ్చాడు. ఆమె భర్త భానుమూర్తి కచేరీలో గుమాస్తా. అప్పుడే ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా అన్నాడు: "కాయలు దించేశారుగా, బండి ఖాళీయే. మీ చెల్లెల్ని వేసుకుపోండి."

అన్నయ్య ఆ మాట దిగమింగుకుని వెళ్ళిపోయాడు. జానకికి మాత్రం అది మింగుడుపడలేదు. అప్పట్నుంచి ఆ ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మాట లేదు. మంగళవారం ఆయన కచేరీకి వెళ్ళగానే పెట్టె సర్దింది. ఒకసారి పుట్టింటి గడప తొక్కితే అన్నయ్య మళ్ళీ పంపడనీ, ఈయన పౌరుషానికి వచ్చి పిలవడనీ తెలుసు. తెలిసే తాళం వేసింది.

స్టేషన్లో టిక్కెట్టు తీసుకుని వెనక్కి తిరిగేసరికి, ఎప్పుడు వెనకే వచ్చారో, పెట్టె మీద మాస్టారు కూర్చుని ఉన్నారు.

"లేవండి మాస్టారూ. బరంపురం పాసింజరు వచ్చేస్తోంది."

"రానీ అమ్మా. ఇంజను నీళ్ళు పట్టుకోవాలిగా. ఒక్క గుండు తీసి ఎక్కెయ్. పెట్టె నేనే ఎక్కిస్తాను."

జీడితోటలో పెరిగిన పిల్లకి గుండు తియ్యడం ఒక లెక్కా? విసురుగా సుత్తి అందుకుంది. పిక్క చితికింది. మరోటి కొట్టింది. రెండు బద్దలు. సిగ్నల్ చెయ్యి వాలింది.

అప్పుడే, జగదాంబ గారి కబురందుకుని భానుమూర్తి ఆయాసపడుతూ వచ్చాడు. భార్య వైపు చూడకుండా మాస్టారితో అన్నాడు: "ఎవర్నీ ఆపడానికి రాలేదు. ఇంటి తాళంచెవి ఆవిడ దగ్గరుండిపోయింది."

"ఆయనకిచ్చెయ్యండి మాస్టారూ" అని జానకి తాళంచెవి తీసి పెట్టె మీద పడేసింది.

మాస్టారు దాన్ని చక్కగా మొలలో దోపుకున్నారు. "గుండు తీస్తే ఇస్తాను భానుమూర్తీ. బూడిద రాసుకో."

"నాకక్కర్లేదు" అని భానుమూర్తి బూడిద లేకుండానే, పట్టాల పక్క రాయి ఒకటి అందుకుని మొదలెట్టాడు.

బండి వచ్చి ఆగింది. జనం ఎక్కుతున్నారు. పెట్టెకి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు, టకటకమని కొడుతున్నారు. ముక్కలే ముక్కలు. జానకి చితికిన పిక్కని ముక్కు దగ్గర పెట్టుకుంది. పచ్చి వాసన. పెంకు లోపల ఇంకా తడి జీడి. సగం కాలగానే నిప్పుల్లోంచి తీసేసిన పిక్కలు! వీటిలోంచి గుండు తియ్యడం బ్రహ్మతరం కాదు.

తలెత్తి చూసింది. ఊరందరి మనసులకీ మందిచ్చే మాస్టారు ఇంజను వైపు చూస్తూ గోళ్ళు కొరుక్కుంటున్నారు.

'ఇవి పచ్చివి' అని ఒక్క మాటంటే చాలు. ఆట కట్టు. పెట్టె బండిలో ఉంటుంది. అనబోయింది. గార్డు విజిల్ వేశాడు. అప్పుడు పడ్డాయి కళ్ళు భానుమూర్తి వేళ్ళ మీద. జీడి అంటుకుని నల్లబడ్డాయి. మండుతున్నా పళ్ళు బిగించుకుని కొడుతున్నాడు.

"ఏటండీ ఆ పని! తోలూడిపోద్ది. ఇలా తెండి చేతులు!"

బూడిద పొట్లం లాక్కుని ఆయన వేళ్ళకి గబగబా రాసింది. భానుమూర్తి తల దించుకున్నాడు.

"ఆ వేళ కచేరీలో నలుగురిలో చీవాట్లు తిన్నాను. ఆ కోపం మీ అన్నయ్య మీద..."

"నా మీద."

"నీ మీదే. ఆదివారం వెళ్ళి ఆయనకి క్షమాపణ చెప్పుకుంటాను. నువ్వూ రా. ఇద్దరం వెళ్ళి, ఇద్దరం వద్దాం."

బండి కదిలిపోయింది. ఎవరూ దాని వైపు చూడలేదు. గుండు ఊసెత్తకుండా మాస్టారు తాళంచెవి ఇచ్చేశారు.

భానుమూర్తి పెట్టె మోసుకుని ముందు నడుస్తుంటే, జానకి వెనక్కి తగ్గి మెల్లగా అంది: "పిక్కలు సగమే కాలాయి మాస్టారూ."

"ష్! సన్యాసికి తెలిస్తే గునపం అడిగి పట్టుకెళ్తాడు."

"మరి గుండు ఎలా వస్తుంది?"

"ఎందుకు రావాలమ్మా? వస్తే లేచి పోట్లాటకి పోతారు. రాకపోతే పక్కపక్కన కూర్చుంటారు. కాసేపటికి ఇద్దరూ కలిసి నన్ను తిట్టుకుంటారు. ఒక్క మాట మీదికొచ్చినట్టేగా!"

ఇప్పుడు మాస్టారికి చూపు సరిగా ఆనడం లేదు. ఆయన జేబులోకి పిక్కలు జానకే కాలుస్తుంది, సగంలోనే తీసేస్తుంది. మాస్టారింట్లోనూ, జానకి ఇంట్లోనూ పరమాన్నంలో పడేవి బద్దలే.